పిల్లలు సొంతంగా తలస్నానం మొదలుపెట్టాక

తలస్నానం చేసినా పిల్లల మాడు మీద తెల్లటి పొట్టు కనిపిస్తుంటే, చుండ్రు అనుకునే ముందు షాంపూ పూర్తిగా వదులుతోందో లేదో చూడండి. చాలామంది పిల్లలు షాంపూ అంతా నడినెత్తిన పోసుకుంటారు. చెవుల వెనక్కి, మెడ పైకి చెయ్యే పోదు. జుట్టు బాగా తడిశాక చిన్న చెంచాడు షాంపూని అరచేతిలో నీళ్లతో కలిపి, మెడ దగ్గర మొదలుపెట్టి పైకి రుద్దమనండి. గోళ్లతో కాదు, వేళ్ల కొసలతో. గీరుకుంటే మంటపుట్టి, ఇక తలస్నానమంటేనే పారిపోతారు పాపం. జుట్టు చివళ్లకు కారే నురగ చాలు, విడిగా రుద్దక్కర్లేదు. కడగడానికి మాత్రం రుద్దినదానికి రెట్టింపు సమయం పట్టాలి. తడి జుట్టు సాగి తెగుతుంది. వెడల్పు పళ్ల దువ్వెనతో చివళ్ల నుంచి పైకి చిక్కు తీయడం నేర్పండి.