కొత్త హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ నచ్చలేదా? వాపస్ ఇచ్చే ముందు వరుసగా ఇవి చేసి చూడండి

పోయిన దసరాకు ముందు ఆన్‌లైన్ ఆఫర్‌లో 3,500 రూపాయలు పెట్టి ఇయర్‌ఫోన్స్ తెప్పించుకున్నాను. రివ్యూలన్నీ బేస్ గురించే పొగిడాయి. డబ్బా విప్పగానే నేను పెట్టుకుని విన్నది మల్లన్న ఒగ్గు కథ రికార్డింగ్. చిన్నప్పుడు కొమురవెల్లి జాతరలో డోలు దెబ్బ పడితే ఛాతీలో తెలిసేది. కొత్త ఇయర్‌ఫోన్స్‌లో అదే దెబ్బ అట్టపెట్టె మీద వేళ్లతో కొట్టినట్టు వినిపించింది. తాళాలు మాత్రం చెవిలో గుచ్చుకుంటున్నాయి. డబ్బుల సంగతి అటుంచితే, వారం రోజులు ఎదురుచూసి తెప్పించుకున్నది ఇట్లా ఉందేమిటని చాలా బాధనిపించింది.

హనుమకొండ చౌరస్తా దగ్గర మా చిన్నమ్మ కొడుకు సెల్‌ఫోన్ రిపేర్ షాపు నడుపుతాడు. సాయంత్రం తీసుకెళ్లి చూపించాను. వాడు పాట కూడా వినలేదు. నా చెవి వంక ఒకసారి చూసి, డబ్బాలో అదనంగా ఇచ్చిన పెద్ద రబ్బరు టిప్స్ తీసి మార్చాడు. "ఇప్పుడు విను అన్నా" అన్నాడు. డోలు వచ్చింది. ఫోన్ అదే, రికార్డింగ్ అదే, ఇయర్‌ఫోన్స్ అవే.

అప్పటినుంచి మావాళ్లలో ఎవరు "సౌండ్ బాగలేదు" అన్నా నేను ఒక వరుసలో చూడమంటాను. నిజంగా చెడ్డ హెడ్‌ఫోన్స్ ఉంటాయి, వాటిని తప్పకుండా వాపస్ ఇవ్వాలి. కానీ బాగున్నవాటిని కూడా చెడ్డవనుకుని ఇంకో రెండు వేలు, మూడు వేలు పెట్టి వేరేవి కొనేవాళ్లను చాలామందిని చూశాను. అది ఆపాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు తేదీ చూసుకోండి

ఏ పరీక్ష చేసినా వాపస్ గడువు లోపలే చేయాలి. ఆర్డర్ తెరిచి రెండు విషయాలు చూడండి: గడువు ఏ రోజుతో అయిపోతుంది, డబ్బులు వాపస్ ఇస్తారా లేక వస్తువు మార్చి మాత్రమే ఇస్తారా. చెవిలో పెట్టుకునే వస్తువు కాబట్టి చాలాచోట్ల డబ్బులివ్వరు, అదే మోడల్ ఇంకొకటి పంపుతారు. షాపులో కొంటే బిల్లు మీద తేదీ ఉండేలా అడిగి తీసుకోండి. డబ్బా, లోపలి ప్లాస్టిక్ ట్రే, టిప్స్ ఉన్న చిన్న కవరు ఏదీ పారేయకండి.

చెవిలో సరిగ్గా కూర్చుందా?

చెవిలోకి దూర్చుకునే రకం అయితే సగం కంప్లయింట్లు ఇక్కడే తీరిపోతాయి. బేస్ అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం. చెవి రంధ్రానికీ టిప్‌కీ మధ్య సన్నని సందు ఉన్నా చాలు, ఆ శబ్దం బయటికి జారిపోతుంది. తాళాలు, చప్పట్లు, "స" శబ్దం లాంటి పైస్థాయివి మాత్రం అట్లాగే మిగులుతాయి. అందుకే మొత్తం పలుచగా, గుచ్చుకునేట్టు అనిపిస్తుంది.

పెట్టుకునే పద్ధతి ఇది. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి కుడి చెవి పైఅంచును పట్టుకుని కొంచెం పైకి, వెనక్కి లాగండి. రంధ్రం నిటారుగా అవుతుంది. అప్పుడు ఇయర్‌ఫోన్ లోపలికి పెట్టి, చిన్నగా తిప్పి, చెవి వదిలేయండి. పాట పెట్టకముందే పరీక్ష చేయొచ్చు: పైన ఫ్యాన్ తిరుగుతుంటే దాని చప్పుడు ఒక్కసారిగా తగ్గాలి. నోటితో "ఊఁ" అంటే మీ గొంతు తల లోపల మోగినట్టు ఉండాలి. రెండూ జరగకపోతే సందు ఉన్నట్టే, సైజు మార్చండి. కంపెనీ వాళ్లు మామూలుగా మధ్య సైజు తొడిగి పంపుతారు, అది అందరికీ సరిపోదు. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని కూడా లేదు. నాకు కుడివైపు పెద్దది, ఎడమవైపు మధ్యది సరిపోయాయి. రబ్బరు జారిపోతుంటే ఫోమ్ టిప్స్ తీసుకోండి. వాటిని వేళ్లతో నలిపి లోపలికి పెడితే మెల్లగా ఉబ్బి చెవి ఆకారానికి సర్దుకుంటాయి.

తల మీద నుంచి పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్స్‌కూ ఇదే సూత్రం. కళ్లజోడు కాడ, పెద్ద కమ్మలు, చెవి మీదికి వచ్చిన జుట్టు, వీటిలో ఏది మెత్తను పైకెత్తినా బేస్ పోతుంది. ఒకసారి కళ్లజోడు తీసి విని చూడండి, తేడా అప్పుడే తెలుస్తుంది. టిప్ లేకుండా చెవిలో ఊరికే ఆనుకుని ఉండే ఇయర్‌బడ్స్ మాత్రం వేరు. వాటి తయారీలోనే సందు ఉంటుంది. బయటి శబ్దాలు వినిపించాలనుకునే వారికి అవి మంచివే. డోలు దెబ్బ గట్టిగా కావాలంటే మాత్రం వాటి జోలికి పోవద్దు.

వైరు ఉన్నవైతే పిన్ను చూడండి

మా బావ ఒకరోజు "పాటలో మ్యూజిక్ వస్తున్నది, పాడేటాయన గొంతు వస్తలేదు" అని ఫోన్ చేశాడు. చూస్తే ఫోన్‌కు మందమైన కవర్ ఉంది. ఆ కవర్ అడ్డంపడి పిన్ను పూర్తిగా లోపలికి పోవడం లేదు. పిన్ను సగంలో ఆగితే, రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండాల్సిన గ్రౌండ్ కనెక్షన్ అందకపోవచ్చు. అప్పుడు కుడి, ఎడమ శబ్దాల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. గాయకుడి గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగా రికార్డ్ అవుతుంది కాబట్టి అది కొట్టుకుపోతుంది. కవర్ తీసి, టక్‌మనే వరకు నొక్కితే సరిపోయింది. ఫోన్ రంధ్రంలో జేబులోని దూది పేరుకున్నా ఇదే అవుతుంది.

3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేని ఫోన్లకు టైప్-సి కన్వర్టర్ వాడుతుంటే ఇంకో చిక్కు ఉంది. కొన్ని చవక కన్వర్టర్లలో ఉత్త వైరే ఉంటుంది, శబ్దాన్ని మార్చే చిప్ ఉండదు. అవి అన్ని ఫోన్లకూ పనిచేయవు. ఆ చిప్‌నే డ్యాక్ అంటారు, డ్యాక్ ఉన్న కన్వర్టర్ అని అడిగి తీసుకోండి.

పాట ఎక్కడి నుంచి వస్తోంది?

ఒకప్పుడు షాపులో డబ్బులిచ్చి చిప్‌లో పాటలు ఎక్కించుకునేవాళ్లం. ఎక్కువ పాటలు పట్టాలని వాటిని బాగా కుదించి ఎక్కించేవారు. ఆ ఫైళ్లే ఇప్పటికీ ఫోన్ నుంచి ఫోన్‌కు మారుతున్నాయి. పాత స్పీకర్‌లో తెలియని లోపాలు మంచి హెడ్‌ఫోన్స్‌లో బయటపడతాయి: తాళాల చివర నీళ్లలో కొట్టినట్టు వణుకు, గొంతు చుట్టూ గరగర. హెడ్‌ఫోన్స్ ఎంత ఖరీదైనవైనా ఫైల్‌లో లేనిదాన్ని తెచ్చిపెట్టలేవు.

స్ట్రీమింగ్ యాప్ వాడితే సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీ చూడండి. స్పాటిఫైలో లో అంటే 24 కేబీపీఎస్, వెరీ హై అంటే 320. కేబీపీఎస్ అంటే సెకనుకు ఎంత ఆడియో డేటా వస్తుందో చెప్పే లెక్క. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే క్వాలిటీ దానంతట అదే తగ్గుతుంది. డౌన్‌లోడ్ క్వాలిటీ సెట్టింగ్ వేరుగా ఉంటుంది, అది మార్చాక పాటలను మళ్లీ డౌన్‌లోడ్ చేయాలి.

పరీక్షకు మీకు బాగా తెలిసిన రికార్డింగ్ ఒకటి పెట్టుకోండి. నేను ఒగ్గు కథనే వాడతాను. డోలు కింది స్థాయి, కథ చెప్పే గొంతు మధ్య స్థాయి, తాళం పై స్థాయి, మూడూ ఒకే చోట దొరుకుతాయి. రికార్డింగ్ మాత్రం ఈ మధ్య మంచి మైకులతో చేసింది అయి ఉండాలి. పాత క్యాసెట్ నుంచి ఎక్కించినదైతే డోలు అందులోనే సరిగా ఉండకపోవచ్చు.

బ్లూటూత్ సంగతి

ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లలు ఎక్కువగా పడే ఇబ్బంది ఇది. పాట హాయిగా వింటూ ఉంటారు, మీటింగ్ యాప్ తెరవగానే శబ్దం పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా అయిపోతుంది. హెడ్‌ఫోన్స్ చెడిపోలేదు. చాలా బ్లూటూత్ సెట్లలో మైక్ ఆన్ అయితే మాట పోవడానికీ రావడానికీ సరిపోయే కాల్ మోడ్‌లోకి మారుతుంది. అందులో సంగీతానికి కావలసినంత చోటు ఉండదు. ల్యాప్‌టాప్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్‌నే ఎంచుకుని, వినడానికి మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చాలావరకు సరవుతుంది.

ఇక కోడెక్, అంటే బ్లూటూత్‌లో పంపడానికి శబ్దాన్ని కుదించే పద్ధతి. సంగీతం వినిపించే ప్రతి బ్లూటూత్ సెట్‌లోనూ ఎస్‌బీసీ ఉంటుంది. చాలావాటిలో ఏఏసీ, కొన్నింటిలో ఎల్‌డీఏసీ కూడా ఉంటాయి. ఎల్‌డీఏసీ గరిష్ఠంగా 990 కేబీపీఎస్ వరకు పంపుతుంది. కానీ అది ఫోన్‌లోనూ హెడ్‌ఫోన్స్‌లోనూ రెండింటిలోనూ ఉంటేనే లాభం. ఐఫోన్ ఎల్‌డీఏసీకి సపోర్ట్ చేయదు, ఐఫోన్ ఉన్నవాళ్లు దానికోసం ఎక్కువ పెట్టడం దండగ. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ పేరు పక్కన గేర్ గుర్తు నొక్కి, హెచ్‌డీ ఆడియో లాంటి ఆప్షన్ ఉంటే ఆన్ చేసి చూడండి. టిప్ సైజు మార్చినంత తేడా మాత్రం కోడెక్‌తో రాదు. నా అనుభవంలో దగ్గరగా కూడా రాదు.

ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే శబ్దం) ఆన్ అయిందేమో, బ్యాలెన్స్ ఒక పక్కకు జరిగిందేమో కూడా చూడండి. పిల్లలు ఫోన్ పట్టుకునే ఇళ్లలో ఇది మామూలే.

వాల్యూమ్ ఫుల్ పెట్టినా పలుచగా ఉంటే

జానపద పాటలు రికార్డ్ చేసే కుర్రాడొకడు స్టూడియో హెడ్‌ఫోన్స్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఫోన్‌కు పెడితే ప్రాణం లేదు. వెనక చూస్తే 250 ఓమ్స్ అని ఉంది. ఓమ్స్ అంటే కరెంటుకు హెడ్‌ఫోన్స్ ఇచ్చే నిరోధం కొలత. ఇట్లాంటివాటికి ఆంప్లిఫయర్ కావాలి. ఫోన్‌కు 16 నుంచి 32 ఓమ్స్ వాటితో మామూలుగా ఇబ్బంది ఉండదు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో లాంటివి ఒకే పేరుతో 32, 80, 250 ఓమ్స్‌లలో వస్తాయి. కొనేముందు అంకె చూసుకోవాలి. డబ్బా మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని రాయడాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. దాదాపు ప్రతి డబ్బా మీదా అదే ఉంటుంది, దాన్ని బట్టి సౌండ్ ఎట్లా ఉంటుందో తెలియదు.

ఈక్వలైజర్ ముట్టుకునే పద్ధతి

పైవన్నీ అయ్యాకే ఈక్వలైజర్, అంటే కింది, మధ్య, పై స్థాయి శబ్దాలను వేర్వేరుగా పెంచి తగ్గించే సెట్టింగ్. ముందు ఫోన్‌లోని బేస్ బూస్ట్, సరౌండ్ లాంటివన్నీ ఆపేయండి. ఫోన్‌లో ఒకటి, హెడ్‌ఫోన్ యాప్‌లో ఇంకొకటి కలిసి పనిచేస్తే శబ్దం బురద అవుతుంది. తర్వాత ఎక్కువైనదాన్ని తగ్గించండి, తక్కువైనదాన్ని పెంచాలని చూడకండి. గుచ్చుకుంటుంటే 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెల్స్ దించండి. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే 200, 300 హెర్ట్జ్ దగ్గర కొంచెం దించండి. ఒకసారికి ఒక్కటే కదపండి, పాట మొత్తం విని అప్పుడు ఇంకొకటి.

పాతవాటితో పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టుకోవాలి. కొంచెం గట్టిగా మోగేదే మన చెవికి మంచిదనిపిస్తుంది. షాపులో ఈ కారణంగానే చాలామంది మోసపోతారు.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైల్లో విని కొత్త హెడ్‌ఫోన్స్ మీద తీర్పు చెప్పకండి. చక్రాల హోరు కింది స్థాయి శబ్దమే, అది బేస్‌ను మింగేస్తుంది. అప్పుడు మనం వాల్యూమ్ పెంచుతాం, ఆ అలవాటే ప్రమాదం. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చనీ, 90 దగ్గర వారానికి 4 గంటలకు మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ రైల్లో తిరిగేవాళ్లకు నాయిస్ క్యాన్సలింగ్ ఉన్నవి కొనుక్కోమని గట్టిగా చెబుతాను. ఈ హోరు లాంటి ఆగని శబ్దాన్ని అవి బాగా తగ్గిస్తాయి, పక్క సీటు మాటలను అంతగా తగ్గించవు.

లోపమా, నచ్చకపోవడమా?

"వంద గంటలు మోగించండి, దారికొస్తది" అని అమ్మేవాళ్లు అంటుంటారు. వాడుతున్నకొద్దీ మెత్తలు కొంచెం సర్దుకుంటాయి, మన చెవి కూడా అలవాటు పడుతుంది. నాలుగైదు రోజులు వినండి, మంచిదే. ఆ మాట నమ్మి గడువు దాటనివ్వకండి.

ఒక పక్క శబ్దం తక్కువగా ఉంటే కుడిది ఎడమ చెవికి, ఎడమది కుడి చెవికి ఆనించి వినండి. బలహీనత ఇయర్‌ఫోన్‌తో పాటు ఇంకో చెవికి మారితే లోపం వస్తువులో ఉంది. ముందు దాని నోటి దగ్గరి జాలీలో గుమిలి పట్టిందేమో చూసి పొడి మెత్తని బ్రష్‌తో తుడవండి. బలహీనత అదే చెవిలో ఉండిపోతే చెవిలో గుమిలి ఉండొచ్చు. పిన్నులు, అగ్గిపుల్లలు పెట్టకుండా చెవి డాక్టర్‌కు చూపించుకోండి.

లోపం తేలితే వీడియో తీసుకుని, "సౌండ్ బాగలేదు" అని రాయకుండా "ఎడమ వైపు శబ్దం తక్కువ, రెండు ఫోన్లలో చూశాను" అని స్పష్టంగా రాయండి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. సౌండ్ నచ్చలేదన్నది మాత్రం లోపం కిందికి రాదు, అందుకు ఆ కంపెనీ ఇచ్చిన వాపస్ గడువు ఒక్కటే దారి.

ప్యాక్ చేసేటప్పుడు టిప్స్ లెక్కపెట్టండి. మీరు తొడిగిన సైజు తీసి, తుడిచి, కవర్లో దాని జోడు పక్కన పెట్టండి. డబ్బాతో వచ్చినప్పుడు ఉన్న మధ్య సైజును మళ్లీ తొడగండి. తీసుకెళ్లడానికి వచ్చిన అబ్బాయి డబ్బా తెరిచి చూస్తాడు, ఒక జత తక్కువున్నా తీసుకోకుండా వెళ్లిపోవచ్చు.