పత్తి కాంటా డ్రైవర్: ఇంటరప్ట్ ఎలా పట్టుకోవాలి, ఏ లాక్ వేయాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పత్తి తూచే కాంటాకు లినక్స్ బోర్డు తగిలించి డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే కెర్నల్ కోడ్) రాస్తున్నారనుకుందాం. బరువును విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది లోడ్‌సెల్, దాని వెనక ఆ సిగ్నల్‌ను అంకెగా మార్చే హెచ్‌ఎక్స్711 చిప్. దాని నుంచి బోర్డుకు రెండే సిగ్నల్ తీగలు: క్లాక్, డేటా. రైతు తక్‌పట్టీలో (తూకం, లెక్కల చీటీలో) పడేది ఈ చిప్ ఇచ్చే అంకే. ఇక్కడ బిట్ తప్పితే అక్కడ కిలోలు తప్పుతాయి.

చిప్ సెకనుకు 10 లేదా 80 రీడింగులు ఇస్తుంది. రీడింగ్ సిద్ధమైతే డేటా తీగ 'లో' (0) అవుతుంది. 24 క్లాక్ పల్సులకు 24 బిట్లు వస్తాయి, 25వ పల్సుకు తీగ మళ్లీ 'హై' (1) అవుతుంది. చిక్కంతా ఇక్కడే. చదువుతుండగా బిట్లు మారినప్పుడల్లా అదే తీగ పైకీ కిందికీ ఊగుతుంది. ఫాలింగ్ ఎడ్జ్ (తీగ హై నుంచి లోకి పడే క్షణం) మీద ఇంటరప్ట్, అంటే సీపీయూను పిలిచే సిగ్నల్, పెడితే మీరు చదివే బిట్లే కొత్త ఇంటరప్టులై మీద పడతాయి. బోర్డు పిన్నులను చూసుకునే జీపీఐఓ కంట్రోలర్ ఒప్పుకుంటే 'లెవెల్-లో' ట్రిగ్గర్ (తీగ లో అయి ఉన్నంతసేపూ పిలిచేది) తీసుకోండి. ఇంటరప్ట్ పనిని విడి థ్రెడ్‌లో నడిపేలా రిజిస్టర్ చేసే రిక్వెస్ట్_థ్రెడెడ్_ఐఆర్‌క్యూకు ఐఆర్‌క్యూఎఫ్_వన్‌షాట్ ఫ్లాగ్ ఇవ్వండి. థ్రెడ్ పని ముగిసేదాకా లైన్ మాస్క్‌లో ఉంటుంది (దాని ఇంటరప్టులు ఆగి ఉంటాయి), మాస్క్ తీసేసరికి తీగ హైలో ఉంటుంది. లెవెల్ దొరకని బోర్డయితే ఎడ్జ్‌తోనే నడపొచ్చు. కానీ థ్రెడ్ మొదట్లోనే తీగను చూసి, హైలో ఉంటే ఏమీ చదవకుండా వెనక్కి వచ్చేయాలి.

క్లాక్ తీగ 60 మైక్రోసెకన్లకు మించి హైలో ఉంటే చిప్ పవర్-డౌన్‌లోకి పోతుంది. పల్సు హైలో ఉన్నప్పుడే వేరే ఇంటరప్ట్ వచ్చి సీపీయూను లాక్కుంటే ఆ రీడింగ్ చెడినట్టే. చిప్ లేచాక సరైన అంకె రావడానికి 80 వేగంలో 50, 10 వేగంలో 400 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకని పల్సు హై చేసే ముందు ఆ కోర్‌లో ఇంటరప్టులు ఆపే లోకల్_ఐఆర్‌క్యూ_సేవ్, 'లో' చేశాక లోకల్_ఐఆర్‌క్యూ_రీస్టోర్. ఇది ఒక్కో పల్సుకు విడివిడిగా చేయండి. 25 పల్సులకూ కలిపి ఇంటరప్టులు ఆపితే మిగతా డ్రైవర్లు నష్టపోతాయి. క్లాక్ పిన్ ఐ2సీ ఎక్స్‌పాండర్ (ఐ2సీ తీగల మీదుగా అదనపు పిన్నులిచ్చే చిప్) మీద ఉండకూడదు, దాన్ని కదిపే కోడ్ నిద్రపోవాల్సి (ఆగి ఎదురుచూడాల్సి) వస్తుంది, ఇంటరప్టులు ఆపి ఉండగా అది కుదరదు.

ఇక లాక్. ఏది వేయాలో తేలాలంటే ముందు ఏ డేటాను ఎవరెవరు ముట్టుకుంటారో కాగితం మీద రాసుకోండి. రీడింగుల బఫర్‌ను ముట్టుకునేది ఇంటరప్ట్ థ్రెడ్, యూజర్ ప్రోగ్రామ్ చేసే రీడ్ కాల్. ఇద్దరూ నిద్రపోగలరు కాబట్టి మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపోయి ఆగే లాక్) చాలు. కాంటాను సున్నాకు తెచ్చే టేర్ బటన్ హార్డ్ ఇంటరప్ట్ హ్యాండ్లర్ (నిద్రపోకూడని కోడ్) సున్నా ఆఫ్‌సెట్‌ను మారుస్తుంటే మాత్రం ఆఫ్‌సెట్‌కు స్పిన్‌లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఆగే లాక్) కావాలి. థ్రెడ్ వైపు దాన్ని తప్పకుండా ఇంటరప్టులు కూడా ఆపే స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్‌తో తీసుకోవాలి. ఉత్త స్పిన్_లాక్ వేస్తే, లాక్ పట్టుకున్న కోర్ మీదే బటన్ ఇంటరప్ట్ రావచ్చు. హ్యాండ్లర్ లాక్ కోసం తిరుగుతూనే ఉంటుంది, లాక్ వదలాల్సిన కోడ్‌కు వంతు రాదు. బోర్డు బిగుసుకుపోతుంది. సింగిల్ కోర్ కెర్నల్‌లో ఉత్త స్పిన్_లాక్ ప్రీఎంప్షన్‌ను (మధ్యలో మరో థ్రెడ్ సీపీయూను లాక్కోవడాన్ని) ఆపుతుంది, అంతే, ఇంటరప్టులను ఆపదు. అక్కడ బోర్డు బిగుసుకోదు, తూకమే చడీచప్పుడు లేకుండా తప్పుతుంది. అది ఇంకా ప్రమాదం.

స్పిన్‌లాక్ పట్టుకుని యూజర్ మెమరీకి కాపీ చేసే కాపీ_టు_యూజర్ పిలవొద్దు, జీఎఫ్‌పీ_కెర్నల్‌తో మెమరీ అడగొద్దు, రెండూ నిద్రపోవచ్చు. విలువను లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుని, లాక్ వదిలాకే యూజర్‌కు పంపండి.

ప్రోబ్‌లో (డ్రైవర్ మొదలయ్యే ఫంక్షన్‌లో) లాకులను ముందు ఇనీషియలైజ్ చేసి, ఇంటరప్ట్‌ను ఆఖరున రిజిస్టర్ చేయండి. రిజిస్టరైన మరుక్షణమే హ్యాండ్లర్ నడవొచ్చు. డ్రైవర్‌ను తీసేసేటప్పుడు మ్యూటెక్స్ పట్టుకుని ఇంటరప్ట్‌ను వదిలే ఫ్రీ_ఐఆర్‌క్యూ పిలవకండి. అది థ్రెడ్ ముగిసేదాకా ఆగుతుంది, థ్రెడ్ మీ మ్యూటెక్స్ కోసం ఆగుతుంది.

పరీక్షకు కెర్నల్‌లో లాక్ తప్పులను పట్టే కాన్ఫిగ్_ప్రూవ్_లాకింగ్, నిద్రపోకూడని చోట నిద్రను పట్టే కాన్ఫిగ్_డీబగ్_అటామిక్_స్లీప్ ఆన్ చేసి, రీడింగులు వస్తుండగా టేర్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతూ డీమెసేజ్ (dmesg, కెర్నల్ సందేశాలు) చూడండి.