మళ్లీ ల్యాబ్ మెట్లెక్కేవారికి

ఇంటి బాధ్యతల వల్ల ఆగిన పరిశోధనను మళ్లీ మొదలుపెట్టాలని తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది చెప్పులు విడవకముందే ఒక మాట అనేస్తారు. "ఏడేళ్లయింది మేడమ్, అన్నీ మరిచిపోయాను." నేను కాఫీ కలిపి చేతికిచ్చి, వాళ్ల థీసిస్ గురించి ఒక ప్రశ్న అడుగుతాను. కాసేపటికి కాఫీ చల్లారిపోతుంది, ఆ పిల్ల మాత్రం గాలిలో గ్రాఫులు గీస్తూ చెబుతూనే ఉంటుంది. చదువు ఎక్కడికీ పోదు. పోయేది చేతి అలవాటు, మనుషుల పరిచయం. అవి తిరిగి వస్తాయి గానీ, ఏది ముందు ఏది వెనుక అన్న వరస తప్పితే ఏడాది వృథా. నాకు అలాగే అయింది కనుక రాస్తున్నాను.

నాది వృక్షశాస్త్రం. 2011లో పీహెచ్‌డీ వైవా అయింది. 2012లో పెద్దవాడు, 2015లో చిన్నది, 2017లో అత్తగారికి పక్షవాతం. మళ్లీ తెల్లకోటు వేసుకున్నది 2021 ఆగస్టులో.

దరఖాస్తు కంటే ముందు చేయి

విరామం తర్వాత తిరిగి వచ్చే మహిళలకిచ్చే ఫెలోషిప్ నోటిఫికేషన్ చూడగానే నేను చేసిన పని, అందరూ చేసే పనే. తొమ్మిదేళ్లుగా మనసులో పేరుకున్నదంతా ఒకే ప్రపోజల్‌లో కుక్కాను. శేషాచలం కొండల్లో పన్నెండు జాతులు, వాటి డీఎన్‌ఏ, మూడు జిల్లాల తిరుగుడు. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన, "అమ్మా, మీరు చివరిసారి డీఎన్‌ఏ తీసింది ఎప్పుడు?" అన్నారు. 2010లో అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ప్రపోజల్ వెనక్కి వచ్చింది. రావలసిందే.

అందుకని దరఖాస్తుకు ముందు మూడు నెలలు ఏదైనా ల్యాబ్‌లో చేయి ఆడించండి. జీతం లేని పని చేయమనడం నాకూ ఇష్టం లేదు. కాబట్టి వారానికి మూడు పూటలు, మూడు నెలలు, అంతే. ఏ తేదీన ఆపేస్తారో మొదటి రోజే చెప్పండి. లేకపోతే మిమ్మల్ని ఉచితంగా వచ్చిన అటెండరుగా లెక్క కట్టేవాళ్లూ ఉంటారు.

నా మొదటి రోజు పని నీళ్లు తూచడం. చుక్కల్లో ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్‌తో వంద మైక్రోలీటర్ల డిస్టిల్డ్ వాటర్ తీసి, నాలుగు దశాంశాలు చూపే త్రాసు మీద పెట్టిన చిన్న గిన్నెలో వదలాలి. గది వేడిమిలో అది 0.0997 గ్రాముల దగ్గర తూగాలి. నావి 0.0912, 0.1043, 0.0958. పిపెట్ పాడైందనుకున్నాను. పక్క బల్ల దగ్గరి ఎమ్మెస్సీ కుర్రాడు అదే పిపెట్ తీసుకుని పదిసార్లు వదిలాడు. పదీ 0.0990 పైనే. తప్పు నా బొటనవేలిది. ఒకసారి పిపెట్ మీటను మొదటి ఆపు దాటి నొక్కుతున్నాను, ఇంకోసారి దాన్ని ఒక్కసారిగా వదిలేసి గాలి పీలుస్తున్నాను. రోజుకు ఇరవైసార్లు చొప్పున పదిహేను పూటలు తూచి, అంకెలన్నీ తేదీలతో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండో ఇంటర్వ్యూలోనూ అదే ప్రశ్న వచ్చింది. ఈసారి "పోయిన మంగళవారం" అన్నాను.

మీది బల్ల మీద చేసే పని కాకపోతే ఇదే సూత్రాన్ని మరోలా వాడండి. గాదంకి వాతావరణ రాడార్ ఇచ్చే గాలుల లెక్కల మీద పీహెచ్‌డీ చేసిన ఒకమ్మాయికి, తన థీసిస్‌లోని ఒకే ఒక్క బొమ్మను పాత డేటాతో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మళ్లీ గీయమని చెప్పాను. ఆరు వారాలు పట్టింది. అందులో నాలుగు వారాలు పాత ఫైళ్లు తెరుచుకోవడానికే పోయాయి. అయినా ఆ బొమ్మ వచ్చాక తను నాకు ఫోను చేయడం మానేసింది, నేరుగా గైడుకే చేసింది.

తుమ్మచెట్టు పేరు మారింది

నేను ఇంట్లో ఉండగా తుమ్మచెట్టు పేరు మారిపోయింది. మేము అకేసియా నిలోటికా అని నేర్చుకున్న నల్లతుమ్మ ఇప్పుడు వాచెల్లియా నిలోటికా. అకేసియా అనే పేరును ఆస్ట్రేలియా జాతులకు వదిలేయడం 2011 మెల్‌బోర్న్ అంతర్జాతీయ వృక్షశాస్త్ర సభలో ఖాయమైంది. ఆ సభ తర్వాతే, కొత్త జాతిని లాటిన్‌లోనే వర్ణించాలన్న నియమం 2012 జనవరి 1 నుంచి పోయింది. మా పెద్దవాడు పుట్టిన ఏడాది వచ్చిన, జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతి పేపరుకు వాడు మూడో తరగతిలో ఉండగా నోబెల్ వచ్చింది. ఆ వార్తను నేను ఉల్లిపాయలు తరుగుతూ టీవీలో చూశాను.

ఇదంతా వరసబెట్టి చదవాలనుకుంటే చదవలేరు. గూగుల్ స్కాలర్‌లో మీ పాత పేపరు తెరవండి, దాన్ని ఉదహరించినవాళ్ల జాబితా చూడండి. నా పేపరుకు పదకొండు మందే ఉన్నారు, వాళ్లలో ముగ్గురు ఇంకా అదే పని చేస్తున్నారు. ఆ ముగ్గురు రాసింది చదివితే తొమ్మిదేళ్లలో ఏ దారి మూసుకుపోయిందో, ఏది తెరుచుకుందో తెలిసింది. తర్వాత రెండు మూడు మంచి రివ్యూ వ్యాసాలు చాలు. పత్రికలకు డబ్బు కట్టకండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల్లో వేలకొద్దీ జర్నళ్లు తెరుచుకుంటున్నాయి. కాబట్టి ఆ మూడు నెలల్లో లైబ్రరీ అనుమతి కూడా అడిగి తీసుకోండి.

గైడును బస్సు చూసి ఎంచుకోండి

నవ్వకండి. తిరుపతి చుట్టుపక్కల పరిశోధన చేసే చోట్లకు కొదవ లేదు. 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన పద్మావతీ మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ, వ్యవసాయ పరిశోధనా స్థానం, స్విమ్స్ ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (కేంద్ర శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) ఏర్పేడు వైపు ఉన్నాయి. వాతావరణ పరిశోధన వాళ్లకు చిత్తూరు దారిలో గాదంకి ఉంది. పిల్లల బడి నాలుగింటికి వదిలితే, మీరు ఏర్పేడు నుంచి రేణిగుంట మీదుగా ఎన్నింటికి ఇల్లు చేరతారో ముందు లెక్కవేయండి. బ్రహ్మోత్సవాల రద్దీలో ఆ లెక్క మరోలా ఉంటుంది. పెద్ద పేరున్న ల్యాబ్‌లో చేరి మూడో నెలకే మానేసినవాళ్లు నాకు తెలుసు. పేరు అంత పెద్దది కాకపోయినా నడిచి వెళ్లగలిగే చోట పని చేసి రెండు పేపర్లు వేసినవాళ్లూ తెలుసు.

గైడును అడగవలసింది ఒక్కటే: "మీ దగ్గర నాకు ఏ బల్ల ఇస్తారు?" చేయి చూపించి "అదిగో" అన్నవారి దగ్గర చేరండి. "చూద్దాం లేమ్మా" అన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

ప్రశ్న చిన్నదిగా

నా రెండో ప్రపోజల్ ఒకే చెట్టు మీద, ఎర్రచందనం. మన జిల్లాల్లో రైతులు సొంత పొలాల్లో కూడా దీన్ని పెంచుతున్నారు. కాయ మొలవడమే కష్టం. గుండ్రటి రెక్క మధ్యలో గట్టి తొడుగు, దాని లోపల ఒకటో రెండో గింజలు. నర్సరీల వాళ్లు పేడనీళ్లలో నానబెడతారు, అయినా సగం కుండీలు ఖాళీగానే ఉంటాయి. గింజ చచ్చిపోయిందా, బతికి ఉండి తొడుగు చీల్చుకోలేకపోతోందా? ఇదే నా ప్రశ్న. టెట్రాజోలియం అనే రంగులేని మందులో గింజను నానబెడితే, ప్రాణం ఉన్న కణజాలం కొన్ని గంటల్లో ఎర్రబడుతుంది. లోపలి ఎంజైములు ఆ మందును ఎర్రటి పదార్థంగా మారుస్తాయి. చచ్చిన గింజ పాలిపోయే ఉంటుంది. ఒక సీసా మందు, ఒక బ్లేడు, పెట్రీ ప్లేట్లు, ఒక ఇన్‌క్యుబేటరు. ఇవి లేని వృక్షశాస్త్ర విభాగం ఉండదు.

ఇంకో జాగ్రత్త. అడవిలో సేకరణకు అటవీ శాఖ అనుమతి కావాలి, అందులోనూ ఎర్రచందనమంటే చెప్పనక్కర్లేదు. ఆ అనుమతి చేతికి వస్తే తప్ప మొదలుకాని పనిని ప్రపోజల్‌లో పెట్టకండి. నేను అనుమతి ఉన్న నర్సరీల నుంచి, రసీదుతో, కాయలు కొన్నాను.

ఎక్కడెక్కడ అడగాలి

కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002-03లో విమెన్ సైంటిస్ట్ స్కీము మొదలుపెట్టింది. 2014లో దాన్ని కిరణ్ అనే పథకం గొడుగు కిందకు తెచ్చారు, ఇప్పుడది వైజ్-కిరణ్. పీహెచ్‌డీ చేసేవారికి ఒకటి, ముగించినవారికి ఒకటి, పేటెంట్ల పని నేర్పేది ఒకటి, ఇలా శాఖలున్నాయి. ఆ పేటెంట్ల శిక్షణను చాలామంది చిన్నచూపు చూస్తారు. ల్యాబ్ గంటలు కుదరని ఇళ్లకు అంతకంటే మంచిది లేదు, నా ఉద్దేశంలో. జీవశాస్త్రాల వారికి బయోటెక్నాలజీ విభాగం 2011లో తెచ్చిన బయోకేర్ పథకం ఉంది. నోటిఫికేషన్ వచ్చిన రోజునే వయసు నిబంధన, సంతకాల పేజీ చూడండి. సంస్థ అధిపతి సంతకం కావాలంటే చివరి వారంలో ఆయన ఊళ్లో ఉండరు. ఇది నేను ప్రయోగం చేసి కనుక్కున్న సత్యం.

పీహెచ్‌డీ మధ్యలో ఆగినవారు ముందు తమ నమోదుకు వర్తించే యూజీసీ నిబంధనలు చదవండి. 2022 నిబంధనల్లో ఆరేళ్లు, పునర్నమోదుతో మరో రెండు, మహిళలకు ఇంకో రెండు, మొత్తం పదేళ్లు మించకుండా వెసులుబాటు ఉంది. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఇవ్వవచ్చు. ఇది తెలియక రిజిస్ట్రేషన్ రద్దయిందనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లున్నారు.

విరామాన్ని దాచవద్దు, సాగదీయవద్దు. బయోడేటాలో "2012 నుంచి 2021 వరకు కుటుంబ బాధ్యతల వల్ల పరిశోధనకు విరామం" అని ఒక్క వరస రాసి తర్వాతి పనికి వెళ్లండి. అత్తగారి జబ్బు వివరాలు కమిటీకి అక్కర్లేదు. బ్రిటన్‌లో డాఫ్నీ జాక్సన్ అనే ఆవిడ, 1971లో ఆ దేశపు తొలి మహిళా ఫిజిక్స్ ప్రొఫెసర్, ఇలా ఆగిపోయినవారి కోసం 1985లో ఫెలోషిప్‌లు మొదలుపెట్టారు. ఆమె పేరిట నడుస్తున్న ట్రస్టులో కనీసం రెండేళ్ల విరామం ఉంటేనే అర్హత. అక్కడ విరామం లేనివాళ్లు దరఖాస్తు చేయడానికే వీల్లేదు. ఈ సంగతి గుర్తుంచుకుని ఆ ఒక్క వరస రాయండి, చేయి వణకదు.

ఇంటిపేరు గొడవ

ఇది ఏ మార్గదర్శికలోనూ ఉండదు, మన ఆడవాళ్లందరికీ ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది, పేపర్ల మీద ఒక అక్షరం, బ్యాంకు ఖాతాలో మరో అక్షరం. ఒక ఆఫీసులో నా ఫైలు దీని మీదే ఐదు నెలలు ఆగింది. "ఈవిడ, ఆవిడ ఒకరేనని రుజువేమిటి?" అని నోట్ రాశారు. ఆ నోట్ రాసిన గుమాస్తా నన్ను పదేళ్లుగా ఎరిగినవారే. వివాహ ధ్రువీకరణ పత్రం, నోటరీ అఫిడవిట్ ఇప్పుడే తయారుగా పెట్టుకోండి. ఆర్కిడ్ (ORCID) అనే పరిశోధకుల గుర్తింపు నంబరు తీసుకుని రెండు పేర్లనూ దాని కింద చేర్చండి, పాత పేపర్లు మీ దగ్గరికి వస్తాయి. బ్యాంకు ఖాతా పేరు ఫెలోషిప్ ఉత్తర్వులోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

చోటిచ్చే గైడులకు

మీరు చేస్తున్నది దానం కాదు, శిక్షణకు పెట్టిన ఖర్చు ఎప్పుడో అయిపోయిన మనిషి మీ ల్యాబ్‌కు దొరుకుతోంది. తాళం చెవి ఇవ్వండి, పరికరాల వంతుల పట్టికలో పేరు రాయండి. "తేలిక పని" పేరుతో జర్నల్ ఫారాలు నింపించకండి. మా ల్యాబ్‌లో వారం వారం జరిగే సమావేశం శనివారం సాయంత్రం ఐదింటికి ఉండేది. నేను అడగకముందే మా గైడు దాన్ని బుధవారం పదకొండింటికి మార్చారు. ఎందుకని ఎవరైనా అడిగితే "శనివారం నాకు బద్ధకం" అనేవారు.

ఇంట్లోవాళ్ల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పని గంటలు గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి, నోటిమాటగా చెబితే ప్రతి సోమవారం మళ్లీ అడగాలి. ఆ క్యాలెండర్ మీదే బడి సెలవులు, ప్రయోగాల కాలం, గ్రాంటు ఖర్చు లెక్క చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ గడువు పక్కపక్కన వేయండి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఆ కాగితం పంపనిదే తర్వాతి విడత కదలదు. ఎర్రచందనం కాయలు తెచ్చుకునే కాలమూ, ఒంటిపూట బడులూ కూడా మార్చిలోనే. మొదటి ఏడాది ఈ మూడూ ఒక్కసారి మీద పడి ఏడ్చినంత పనైంది. రెండో ఏడాది గోతాలు ఇంటికే తెచ్చాను. మా అత్తగారు కుడిచేయి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో కాయల రెక్కలు విరిచారు. పిల్లలు పళ్లేనికి పాతిక చొప్పున లెక్కపెట్టారు. చిన్నదాని పళ్లేల్లో ఇరవై ఆరు, ఇరవై ఏడు ఉండేవి. మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

మీకు నీళ్లు తూచే పిపెట్ కావాలంటే ఏ సాయంత్రమైనా రండి. మార్చిలో అయితే మీ పిల్లల్ని కూడా తీసుకురండి, ఈసారి గోతాలు ఆరున్నాయి.