ట్రంపెట్ నేర్చుకుందాం – 4: మద్దెల నిజంగానే ఓడైతే?

పోయిన పాఠంలో రోజూ పది నిమిషాలు లాంగ్ టోన్లు (ఒకే స్వరాన్ని నిలకడగా, పొడుగ్గా పట్టడం) ఊదమన్నాను, ఊదుతున్నారనే అనుకుంటాను. కొన్నాళ్లు ఊదాక అందరికీ వచ్చే డౌటే ఇది: సౌండ్ పలచగా వస్తోంది, మౌత్‌పీస్ (పెదాలు ఆనించి ఊదే ముక్క) మారిస్తే బాగుపడుతుందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు.

నా సంగతే చెప్తాను. నెలరోజుల్లో మూడు మౌత్‌పీస్‌లు మార్చాను, ప్రతిదీ మొదటిరోజు అద్భుతం, నాలుగో రోజుకి మళ్లీ అదే గరగర. ఓసారి తడి తుడుస్తూ వాటర్ కీ (లోపల చేరిన తడిని వదిలే చిన్న మూత) మీద వేలు అదిమిపెట్టి అలాగే ఊదితే నోటు ఒక్కసారిగా నిలబడింది! లోపలి కార్క్ అరిగిపోయి గాలి లీకవుతోందన్నమాట. పావలా అంత కూడా లేని ముక్క.

కాబట్టి కొనడానికి ముందు లీక్ చూడండి. మొదటి వాల్వ్ (వేలితో నొక్కే మీటల్లో నోటికి దగ్గరున్నది) నొక్కకుండా దాని స్లైడ్‌ను, అంటే దానికున్న జారే గొట్టాన్ని, ఓ అంగుళం బయటికి లాగి, రెండు మూడు క్షణాలు ఆగి, అప్పుడు వాల్వ్ నొక్కండి. టప్‌మని చప్పుడొస్తే గాలి బాగానే పట్టి ఉంది, ఏమీ రాకపోతే స్లైడ్ దగ్గరో వాల్వ్ దగ్గరో కారుతోంది (కొన్ని మోడళ్లలో వాల్వ్‌కి కావాలనే చిన్న చిల్లు పెడతారు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు). తర్వాత లీడ్‌పైప్‌లోకి (మౌత్‌పీస్ దూర్చే గొట్టం) బ్రష్ పంపి గోరువెచ్చటి నీళ్లతో కడగండి. లోపల పేరుకున్న పాచి గొట్టాన్ని ఇరుకు చేస్తుంది, ఊదేటప్పుడు బరువుగా అనిపించేది చాలాసార్లు దానివల్లే.

ఇవన్నీ చూశాక కూడా తేడా కావాలంటే అప్పుడు మౌత్‌పీస్. ఒక్క మిల్లీమీటరులో ఎంత ఉంటుందా అనిపిస్తుంది గానీ బాక్ కంపెనీ మౌత్‌పీస్‌లలో 7సి సైజు లోపలి వ్యాసం దాదాపు 16.2 మి.మీ., 1½సిది దాదాపు 17. ఆ కాస్త తేడాకే పెదాలు కొత్తచోటికి అద్దెకొచ్చినట్టు తడబడతాయి. బాక్ లెక్కలో అంకె తగ్గేకొద్దీ రిమ్ (పెదాలు ఆనే గుండ్రటి అంచు) పెద్దది, అక్షరం ఎ వైపు వెళ్లేకొద్దీ కప్పు (అంచు లోపలి గిన్నె) లోతు. లోతు పెరిగితే సౌండ్ గుండ్రంగా, నిండుగా వస్తుంది, పై నోట్లకి మాత్రం ఎక్కువ కష్టపడాలి. లోతు తక్కువైతే మెరుపు ఎక్కువ, అలవాటు లేనివాళ్లకి కీచుగా కూడా రావచ్చు.

లోహం గురించి మాత్రం జనం అవసరానికి మించి వాదించుకుంటారు. ఎల్లో బ్రాస్‌లో రాగి 70 శాతం, జింక్ 30. గోల్డ్ బ్రాస్‌లో దాదాపు 85, 15. పైన వెండి పూతా, లాకర్ (వార్నిష్ లాంటి పూత) పూతా అన్నది ఇంకా చిన్న సంగతి. లోపల గాలి నడిచే దారి ఆకారం చేసే మార్పు ముందు ఇవి ఎంతో వెనక, నా ఓటు ఎప్పుడూ ఆకారానికే.

ఈ వారం హోంవర్క్. మీ దగ్గరున్నదీ, ఎవరినైనా అడిగి తెచ్చుకున్నదీ రెండు మౌత్‌పీస్‌లు తీసుకోండి, ఫోన్ మూడు మీటర్ల దూరంలో కదలకుండా పెట్టి ఒకే పాటలోని అవే నాలుగు బార్లు (తాళపు ఆవర్తాలు) ఎనిమిదిసార్లు రికార్డ్ చేయండి, ఏది ఎప్పుడు వాడాలో చీటీలు తీసి, ఆ వరస రాసి దాచేయండి. మర్నాడు చీటీ చూడకుండా విని ఏది ఏదో చెప్పండి. ఎనిమిదిలో నాలుగైదే సరిపోతే బొమ్మాబొరుసూ వేసినట్టే, వినేవాళ్లకి తేడా తెలియట్లేదు. అయినా కొత్తదానితో ఇంకో ఇరవై నిమిషాలు అలసిపోకుండా ఊదగలుగుతున్నారా? అయితే కొనుక్కోండి, అదీ కారణమే. కానీ రెండు వారాలు ఆగి, కొత్తొక వింత తగ్గాక.

వచ్చే పాఠం మ్యూట్ల (సౌండ్ మార్చడానికి ట్రంపెట్ మూతిలో పెట్టే బిరడాలు) మీద. ఈలోగా వాటర్ కీ కార్క్ ఓసారి చూసుకోండి.