బీట్‌రూట్ ముక్కలతో కణత్వచాన్ని పరీక్షించడం ఎలా?

కణం చుట్టూ ఉండే పలుచని పొరే కణత్వచం. దాని మందం 10 నానోమీటర్లు కూడా ఉండదు. అది ఎంత వేడికి దెబ్బతింటుందో మాత్రం బీట్‌రూట్ ముక్క రంగు కార్చి చూపిస్తుంది. ఈ ప్రయోగం కష్టమైనదేమీ కాదు. అయినా ఎక్కువమంది కడగడం దగ్గరే పాడుచేస్తారు.

పచ్చి బీట్‌రూట్, కార్క్ బోరర్ (గుండ్రటి ముక్కలు తీసే లోహపు గొట్టం), కొత్త బ్లేడు, స్కేలు, టెస్ట్‌ట్యూబులు, థర్మామీటర్, స్వేదనజలం, వేడినీళ్లు ఉంటే చాలు. ఉడికించిన దుంప, గడ్డకట్టిన దుంప పనికిరావు.

ముక్కలన్నీ ఒకే దుంప నుంచి, సెంటీమీటరు పొడవున కోయండి. తొక్క ఉండకూడదు. దుంపలో ముదురు, లేత వలయాలుంటాయి కాబట్టి అన్నీ ఒకే భాగం నుంచి తీయండి.

ఇక కడగడం. ఇక్కడ తొందర పడొద్దు. బ్లేడు దిగిన చోటల్లా కణాలు తెగి రంగు కారుతుంది. ఆ రంగుకూ వేడికీ ఏ సంబంధమూ లేదు. కుళాయి కింద ఒక్కసారి తిప్పి తీస్తే పైపై రంగే పోతుంది, తెగిన కణాల్లో మిగిలింది తర్వాత నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. బీకరులో చల్లటి నీళ్లు పోసి ముక్కలు వేయండి. ఐదు నిమిషాలాగి నీళ్లు మార్చండి. బీకరు వెనక తెల్లకాగితం పెట్టి చూసినా గులాబీ ఛాయ కనిపించకుండా పోయేదాకా మారుస్తూనే ఉండండి.

కడిగాక పిండకండి, రుద్దకండి. వడపోత కాగితం మీద పెట్టి తడి అద్దితే చాలు. పట్టకారుతో గట్టిగా నొక్కినా, గోరు తగిలినా అక్కడ మళ్లీ కణాలు చితుకుతాయి. ఒక ముక్కను వేడి చేయకుండా పక్కన పెట్టుకుని, మిగతావాటితో పాటే స్వేదనజలంలో వేయండి. చివర్లో దాని నీళ్లు కూడా ఎర్రబడితే కడగడం చాలలేదన్నమాట. అప్పుడు ఆ లెక్కలన్నీ పారేసి మొదటి నుంచి చేయండి.

నీళ్లను 30, 40, 50, 60, 70 డిగ్రీల సెల్సియస్‌కు ముందే తెచ్చి, ఒక్కో దాంట్లో ఒక్కో ముక్కను సరిగ్గా ఒక నిమిషం ఉంచండి. వెంటనే తీసి, గది ఉష్ణోగ్రతలో ఉన్న 5 మిల్లీలీటర్ల స్వేదనజలంలో వేసి 20 నిమిషాలు వదిలేయండి. చాలామంది ముక్కను వేడినీళ్లలోనే అరగంట వదిలేస్తారు. నేను ఒప్పుకోను. వేడి పెరిగితే వ్యాపనమే, అంటే రంగు నీళ్లలోకి దానంతట అది పాకడమే, వేగం పుంజుకుంటుంది. అప్పుడు రంగు త్వచం చెడి వచ్చిందా, వేడికి త్వరగా పాకిందా అన్నది విడదీయలేం. నా పద్ధతిలో అన్ని ముక్కలూ ఒకే ఉష్ణోగ్రతలో రంగు కారుస్తాయి కాబట్టి తేడా అంతా త్వచానిదే.

ముక్కలు తీసేసి, ట్యూబును మెల్లగా కదిపి రంగులు పోల్చండి. రంగు గాఢతను కొలిచే కలరీమీటర్ ఉంటే ఆకుపచ్చ ఫిల్టరే పెట్టాలి, ఎందుకంటే ఈ వర్ణద్రవ్యం ఆకుపచ్చ కాంతినే బాగా పీల్చుకుంటుంది. తక్కువ వేడిలో రంగు పెద్దగా రాదు. 50 దాటాక ఒక్కసారిగా పెరుగుతుంది.

ఫలితం రాసేటప్పుడు ‘త్వచం ద్రవంగా మారింది, అందుకే కారింది’ అని తేల్చేయకండి. త్వచం బతికున్నంతసేపూ ద్రవంగానే ఉంటుంది. 1970లో శాస్త్రవేత్తలు ఫ్రై, ఎడిడిన్ ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపేస్తే, 37 డిగ్రీల దగ్గర సుమారు 40 నిమిషాల్లో రెండింటి ప్రోటీన్లూ త్వచమంతా కలిసిపోయాయి. చల్లబరిస్తే ఆ కలయిక బాగా తగ్గింది. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనా చెప్పేదీ ఇదే: ఫాస్ఫోలిపిడ్‌లనే కొవ్వు అణువుల రెండు పొరలు, వాటిలో కదిలే ప్రోటీన్లు. వేడితో ఫాస్ఫోలిపిడ్‌ల కదలిక పెరిగే మాట నిజమే. కానీ ఎక్కువ వేడిలో ప్రోటీన్ల ఆకృతి చెడి త్వచం కట్టు తప్పుతుంది, రంగు కట్టలు తెంచుకునేది అప్పుడే. ఆ రంగు ఉండేది కణం లోపలి ద్రవపు సంచి అయిన రిక్తికలో. అంటే రిక్తిక త్వచం, ప్లాస్మాత్వచం (కణత్వచమే) రెండూ దాటి రావాలి. రికార్డులో రెండింటి పేర్లూ రాయండి.

కడిగిన ముక్క ఇంకొకటి మిగిలితే దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి, కరిగాక నీళ్లలో వేయండి. మంచు స్ఫటికాలు త్వచాలను చీల్చేస్తాయి కాబట్టి వేడి తగలకుండానే నీళ్లు ముదురు ఎరుపవుతాయి.