వేసవి కబడ్డీకి గ్యాలరీ వేయిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఎండలు ముదిరాయంటే ఊళ్లలో ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ మొదలవుతుంది. మ్యాట్ ఎక్కడ అద్దెకు దొరుకుతుందో, ప్రైజ్ మనీ ఎవరిని అడగాలో కమిటీ కుర్రాళ్లకు బాగా తెలుసు. జనం కూర్చునే గ్యాలరీ దగ్గరికొచ్చేసరికి మాత్రం టెంట్ హౌస్ వాళ్లకు అప్పజెప్పి ఊరుకుంటారు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలైన రోజే గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు.

అద్దె గ్యాలరీ అన్నంత మాత్రాన భయపడక్కర్లేదు. 2024 జూన్‌లో భారత్, పాకిస్తాన్ టీ20 ప్రపంచ కప్ మ్యాచ్ ఆడిన న్యూయార్క్ మైదానంలో 34 వేల సీట్లూ విప్పి తీసుకెళ్లేవే. అమెరికాలోని మనవాళ్లు కూడా అక్కడ కూర్చుని కేకలేశారు. అయితే పదిసార్లు బిగించి విప్పిన సామానులో వంగిన పైపులు, అరిగిన బోల్టులు, వెల్డింగు చిట్లిన ఫ్రేములు ఎక్కడో ఒకచోట కలిసిపోతాయి. లారీ దిగగానే ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూడండి. పైపులను కలిపి బిగించే క్లాంపు తక్కువైతే బైండింగ్ వైరుతో కట్టేస్తామంటారు, ఒప్పుకోవద్దు.

ఇక అసలు విషయం. గ్యాలరీకి కిందికి పడే బరువు కన్నా పక్కకు వచ్చే ఊపుతో ప్రమాదం ఎక్కువ. లెక్క చూడండి. 40 అడుగుల వరుసలో మనిషికి అడుగున్నర ఇస్తే 26 మంది. పది వరుసలకు 260 మంది, తలకు 65 కిలోలు వేసుకున్నా దాదాపు 17 టన్నులు. నిలువు పైపులు దీన్ని మోస్తాయి. సూపర్ టాకిల్ పడగానే ఈ 260 మందీ ఒక్కసారి లేచి ఒక పక్కకు వాలితే? ఇంజనీర్లు నిలువు బరువులో సుమారు 5 నుంచి 10 శాతం పక్కకు నెడుతుందని లెక్క వేసుకుంటారు. అంటే 1.7 టన్నుల దాకా. దాన్ని ఆపేవి ఐమూలగా బిగించే పైపులే. ముందు, వెనక, రెండు పక్కలా ఐమూల పైపులు లేకపోతే ఆ గ్యాలరీ పేకముక్కల మేడే. పని తొందరలో ముందుగా వదిలేసేది కూడా వాటినే. నా మాట వింటే, మిగతా ఏం చూసినా చూడకపోయినా వీటిని మాత్రం లెక్కపెట్టండి. జనం నడవడానికి అడ్డమని ఎవరో ఒకరు మధ్యలో విప్పేస్తారు కాబట్టి రోజూ ఆటకు ముందు మళ్లీ లెక్కపెట్టాలి.

ఫ్రాన్స్‌లోని బాస్టియాలో 1992 మే 5న ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు హడావుడిగా వేసిన గ్యాలరీ మ్యాచ్ మొదలవకముందే కూలి 19 మంది ప్రాణాలు పోయాయి. కాళ్లతో దబదబా తొక్కవద్దని అంతకుముందు మైకులో చెబుతూనే ఉన్నారు. మైకులో చెబితే జనం ఆగుతారనుకోవడం మన దగ్గరా ఉంది. ఊగుతుందని అనుమానం వస్తే ఆట ఆపి, పై వరుసల నుంచి నెమ్మదిగా దించేయండి.

నేల సంగతి. పొలం చదును చేసి వేస్తే, అందులోనూ నల్లరేగడి అయితే, ఒక్క అకాల వర్షానికి గ్యాలరీ కాలు దిగబడుతుంది. ప్రతి కాలు కింద ఇనుప ప్లేటు, దాని కింద వెడల్పాటి చెక్క ఉండాలి. ఇటుక ముక్కలు, రాళ్లు పేర్చి ఎత్తు సరిచేయడం వద్దు, దానికి మర తిప్పి ఎత్తు మార్చే జాకీలున్నాయి. వాన పడిన మర్నాడు రసమట్టం పెట్టి మళ్లీ చూడాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే ఈదురుగాలులతో ఇంకో టెన్షన్. దాతల ఫ్లెక్సీలు గ్యాలరీ వెనక తెరచాపలా కట్టేస్తాం కదా. 40 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న ఫ్లెక్సీని గంటకు 60 కిలోమీటర్ల గాలి 600 కిలోలకు పైగా బలంతో నెడుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలు! దాతలు నొచ్చుకున్నా సరే, ఫ్లెక్సీలను విడిగా గుంజలు పాతి కట్టండి. ఉరుములు మెరుపులు మొదలైతే జనాన్ని ఇనుప గ్యాలరీ మీద ఉంచకూడదు.

ఫ్లడ్‌లైట్ల వైరు గ్యాలరీ పైపులకు చుట్టవద్దు. గ్యాలరీ కింద పిల్లలు దూరకుండా, బండ్లు పెట్టకుండా వల కట్టండి. దిగడానికి రెండు పక్కలా దారి ఉండాలి. పోలీసు అనుమతి తీసుకున్నాం కదా అని ఆగిపోకుండా, రోడ్లు భవనాల శాఖ ఇంజనీరును పిలిచి చూపించి, ఎంతమంది ఎక్కవచ్చో కాగితం మీద రాయించుకోండి. ఆ అంకె బోర్డు మీద రాసి, మెట్ల దగ్గర ఇద్దరిని నిలబెట్టండి. ఫైనల్ రోజు సర్పంచ్ గారి మనుషులొచ్చినా ఆ అంకె మారకూడదు.

ఫైనల్ అయిన రాత్రే నిద్రకళ్లతో విప్పకండి, తెల్లారాక పైనుంచి కిందికి విప్పండి. వంగిన పైపులకు ఎర్ర రంగు పూసి పక్కన పడేసి, టెంట్ హౌస్ వాళ్లకు చూపించి మరీ అప్పజెప్పండి. లేదంటే అవే పైపులు వచ్చే వారం పక్క ఊరికి వెళ్తాయి.