ఒక్క లైటుతో నువార్ నీడలు

నువార్ అంటే పాత నలుపు-తెలుపు క్రైమ్ సినిమాల చీకటి శైలి. అలాంటి డిటెక్టివ్ గదికి ఖరీదైన సెట్ అక్కర్లేదు, గోడ మీద బ్లైండ్స్ (కిటికీకి వేసే అడ్డపట్టీల తెర) పదునైన చారలు చాలు. పెద్ద ఎల్‌ఈడీ ప్యానెల్ ఇక్కడ పనికిరాదు: వెలుగొచ్చే ముఖం వెడల్పైతే నీడ అంచులు కరిగిపోతాయి. సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే గుడ్డపెట్టె) తీసేసిన చిన్న సీఓబీ లైటును (ఒకే చిన్న చోటు నుంచి వెలుగిచ్చే ఎల్‌ఈడీ) బ్లైండ్స్‌కి మూడు నాలుగు మీటర్ల వెనక పెట్టండి. చారలు ఇంకా మసగ్గా ఉంటే లైటును మరింత వెనక్కి లాగండి, లేదా బ్లైండ్స్‌ని గోడకి దగ్గరగా జరపండి.

ఒక వెలుగు చార కచ్చితంగా నటుడి కళ్ల మీదే పడాలి. అంగుళం తప్పినా చూపు చీకట్లో కలిసిపోతుంది, అందుకే నేల మీద టేపు మార్కు తప్పనిసరి. ఎదురుగా తెల్లగోడ ఉంటే నల్లగుడ్డ కప్పండి, లేకపోతే వెలుగు తిరిగొచ్చి నలుపంతా బూడిదరంగైపోతుంది.

కెమెరాలో సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుకి ఫ్లికర్ (వీడియోలో వెలుగు మిణుకుమనడం) బెడద ఉండదు. ఎక్స్‌పోజర్ ముఖంలో వెలుగు పడ్డ వైపుకే పెట్టండి. అంతా చీకటిగా తీసి ఎడిట్‌లో పెంచితే నీడల నిండా నాయిస్ (గరుకు చుక్కలు) తేలుతుంది.